బూడిద దొరసాని మూడు ముసుగులు

బేతంచెర్ల,
6 జులై 2025

మా జెస్సీకి, నీ చిన్నమ్మ మహిమ మంచం మీద దిండుకానుకోని రాసేది.

ముందు కాలి సంగతి చెప్పి పక్కన పెడతా. మీ చిన్నాన్న పనిచేసే పాలిష్ యూనిట్ గేటు కాడ బండలు కోసిన నీళ్లు పారి తెల్లగా బురదయింటాది గదా, ఆడ ఆటో ఆపి దిగబోయి జారినా. కుడికాలు మోకాలి కింద విరిగింది. కర్నూల్లో కట్టేసి పంపినారు. నా ఆటోలో పోయే బడిపిల్లలను ఇప్పుడు వేరే ఆటోలో పంపిస్తాండారు. నొప్పి తగ్గింది. నువ్వు బెంగ పెట్టుకోవాకు.

మీ హాస్టల్లో ఫోన్లు ఇయ్యరంట, జాబులు మాత్రం ఇస్తారంట. మీ నాయన తుమ్మలపల్లె గని నుంచి ఫోన్ చేసినప్పుడు చెప్పినాడు. అందుకే ఎన్నో ఏళ్లకు ఇన్‌ల్యాండ్ కవర్లు తెప్పించినా.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా, కోప్పడాకు. నువ్వు మా ఇంట్లో వదిలిపోయిన లాప్‌టాప్ తెరిచినా. పాటలు విందామనే తెరిచినా. నువ్వు ఈడ ఉండి పదో తరగతి చదివేటప్పుడు పొద్దస్తమానం ఆడుతుంటే నేను తిట్టేదాన్ని చూడు, ఆ ఏడు కోటల ఆట అగపడింది. ఏముందో చూద్దామని నొక్కినా. ఇంగ అంతే. మీ చిన్నాన్న అన్నం పెట్టుకోనొచ్చి పక్కన నిలబడినా నాకు తెలియడం లేదు.

కత్తివీరుడు, మంత్రగాడు, వైద్యురాలు, దొంగ, ఈ నలుగురినీ ఎంటబెట్టుకోని పోవడం నాకు శానా బాగుండాది. కొట్లాట వచ్చినా తొందరేం లేదు. ఒకరి తర్వాత ఒకరికి వంతు వస్తాది, ఎవరు ఏం చేయాల్నో నింపాదిగా ఆలోచించుకోని చెప్పొచ్చు. ఏడో కోట దాకా వచ్చినా. కోట ఎనకాల కొండకు ఒక కాలిబాట కనపడితే ఎక్కినా. మ్యాపులో ఆ చోటే లేదు. పైన బూడిద రంగు ముసుగులు కప్పుకోని ఒకామె కూర్చోనుండాది. పలకరిద్దామని దగ్గరికి పోతే కన్ను మూసి తెరిచేలోగా మనోళ్లు నలుగురూ చచ్చిపోయిరి. ఎవరామె? ఆమెను ఎట్ల గెలవాల? అంతా వివరంగా రాయి.

నూనె పెట్టుకోని తల దువ్వుకో.

మీ చిన్నమ్మ

*

కడప,
13 జులై 2025

చిన్నమ్మా,

నీ కాలు విరిగిందని నాయన చెప్పిన రోజు ఏడ్చినా. నీ జాబు చదివి స్టడీ అవర్లో నవ్వినా, అందరూ తిరిగి చూసినారు. నువ్వు ఏడో కోట దాకా వచ్చినావంటే నేనింకా నమ్మలేకపోతాండా.

ఆమె పేరు బూడిద దొరసాని. ఆట మొత్తంలో ఆమెంత గట్టి బాస్, అంటే పెద్ద శత్రువు, ఇంకొకరు లేరు. కానీ ఆమెతో కొట్లాడాల్సిన పనే లేదు. ఏడో కోటలో రాజును ఓడిస్తే కథ ముగుస్తాది. ఈమెను ఇష్టమున్నోళ్ల కోసమని పక్కన పెట్టినారు. నేను రాజును ఓడించినా గానీ ఈమెను ఒక్కసారి కూడా ఓడించలేదు. వేసవి సెలవులంతా ఆమెతోనే అయిపోయింది.

ఆమె సంగతి చెప్తా విను. కొట్లాట మొదలుకాగానే బూడిద లేపుతాది. మన దెబ్బలన్నీ గురి తప్పుతాయి. ఆమె దెబ్బ మాత్రం తప్పదు, ముందు నిలబడినోళ్ల మీద పడతాది. సరే, దెబ్బ తిన్నోళ్లకు వైద్యురాలు మంత్రంతో నయం చేస్తే, అంతే నయం ఆమెకు కూడా అవుతాది. ఆఖరుకొచ్చేసరికి ఇంకా ఘోరం, మనం కొట్టిన దెబ్బ రెండింతలై కొట్టినోళ్ల మీదికే తిరిగొస్తాది. నేను ఆ ఆఖరు దాకా పోయింది కూడా తక్కువే.

నువ్వు ఒక పని చేయి. కత్తివీరునికి ఇనుప కవచం తొడిగి ముందు నిలబెట్టు. మంత్రగాని చేత నిప్పు వేయించు. బలం పెంచుకోని పో, ఊరికే పోవాకు.

ఈడ వారం వారం పరీక్షలు. బోటనీ, జువాలజీ పరవాలేదు, ఫిజిక్స్ అర్థం కావడం లేదు. చారు నీళ్లగా ఉంటాది. నువ్వు చేసే ఉగ్గాని గుర్తొస్తాంది.

కవర్లో చోటు అయిపోయి మడత మీద రాస్తాండా. ఇది ముఖ్యం, దొంగను ముందు పెట్టవద్దు.

జెస్సీ

*

బేతంచెర్ల,
22 జులై 2025

జెస్సీ పాపా,

నీ తెలివికి నేను ఏమిచ్చినా తక్కువే. నువ్వు చెప్పినట్లే దొంగను ముందు పెట్టినా. ఏం జరిగిందో ఓపిగ్గా చదువు, ఎగరేసి ఆఖరు చూడాకు.

నీ కవరు విప్పేటప్పుడు బంక గట్టిగా అంటుకోని మడత కాడ చినిగింది. "దొంగను ముందు పెట్ట" దాకా మిగిలింది. ముఖ్యమని కూడా రాసినావు గదా, సరేనని వాన్ని ముందు నిలబెట్టినా. ఒంటి మీద కవచం కూడా లేని పిల్లోడు, ఆమె ముందర నిలబడితే నాకే భయమైంది. కానీ వాడు బరువు లేనోడు గదా, ఆమె చేయి ఎత్తగానే పక్కకు దుమికినాడు. తప్పదని నువ్వు రాసిన దెబ్బ పోయి నేలకు తగిలింది. మళ్లీ కొట్టింది, మళ్లీ దుమికినాడు.

వాని వంతు వచ్చింది. కత్తితో కొడితే ఎట్లాగూ గురి తప్పుతాది. ఇంత దగ్గర నిలబడినాడు, ఊరికే ఏంటికని "దొంగిలించు" అనేది నొక్కినా. ఆమె పై ముసుగు ఊడి వీని చేతిలోకి వచ్చేసింది జెస్సీ. బూడిదంతా ఆగిపోయి గాలి తేటగా అయింది. ముసుగు కింద ఇంకో ముసుగు ఉండాది.

నేనేసిన కేకకు మీ చిన్నాన్న చేతిలో గంటె పట్టుకోని వంటింట్లో నుంచి ఉరికొచ్చినాడు. మంచం మీద నుంచి పడినానేమో అనుకున్నాడంట. నిజం చెప్పల్లంటే ఆ కాసేపు నాకు కాలున్నట్టే గుర్తు లేదు.

ఆ తర్వాత మళ్లీ ఓడిపోయినాములే. వైద్యురాలు మనోళ్లకు నయం చేసేకొద్దీ దొరసాని కూడా లేచి కూర్చుంటాంది. దానికేం చేయాల్నో రాయి. వచ్చే ఆదివారం చర్చి వాళ్లు ఇంటికొచ్చి ప్రార్థన చేసి పోయినాక కూర్చుంటా. ఆ రోజు దొరసానిని చంపకుండా వదలను.

మీ చిన్నమ్మ

*

కడప,
31 జులై 2025

చిన్నమ్మా,

నేను రాసింది "పెట్టవద్దు" అని. "వద్దు" చినిగిపోయింది.

ఆ వద్దు చినిగిపోవడం ఎంత మంచిదైందో. నేను ఎన్నిసార్లు ఆడినా దొంగను ఎనకాల దాచి పెట్టేదాన్ని. ఆమె దగ్గర దొంగిలించొచ్చని నాకు తోచనే లేదు. ముసుగే ఆమె బలం. బూడిద ఒక ముసుగుతో పోయిందంటే, నయం కావడం ఒక ముసుగు, దెబ్బ తిరగ్గొట్టడం ఒక ముసుగు. మూడూ లాక్కుంటే ఆమె దగ్గర ఇంకేముంటాది? ఇది తోచినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు.

ఇంకో ముచ్చట. మా జాబులన్నీ వార్డెన్ ఆనందం మేడం చదివే ఇస్తారు. నీ జాబు చదివి నన్ను ఆఫీసుకు పిలిపించినారు. ఎవరీ దొరసాని, మీ చిన్నమ్మ ఆమెను ఏంటికి చంపుతానంటాంది, ఈ దొంగ ఎవరని అడిగినారు. ఆమె ముఖం పాలిపోయింది. నేను బల్ల మీద సుద్దముక్కతో బొమ్మ వేసి, ఇది కొండ, వీళ్లు నలుగురు అని మొత్తం చెప్పినా. మేడం శానాసేపు విని, "వైద్యురాలిని పక్కన కూర్చోబెడితే సరిపోదా?" అన్నారు. తర్వాత ఇట్లాంటివి రాసుకోవద్దని కోప్పడి పంపినారు.

ఫిజిక్స్ మళ్లీ పోయింది. నన్ను కింది సెక్షన్‌కు మార్చినారు.

చిన్నమ్మా, నిన్ను ఒకటి అడగాల. నేను వదిలేద్దామనుకుంటాండా. ఎన్నిసార్లు లేచి నిలబడినా మళ్లీ కింద పడేస్తాంది. అందరూ దాటుకోని పోతాండారు, నేను ఉన్న చోటనే ఉండా. దసరాకు వచ్చినాక ఇంగ పోను. నాయనకు చెప్పాలంటే భయం. నువ్వేమంటావు?

జెస్సీ

*

బేతంచెర్ల,
9 ఆగస్టు 2025

నా బంగారుకు,

ముందు నీ మాటకు జవాబు. వదిలేయ్ తల్లీ. దానికి ఇంత బాధ పడాల్నా? అది లేకున్నా కథ ముగుస్తాదని నువ్వే గదా నాకు చెప్పినావు. నిన్ను ఎవరూ తప్పు పట్టరు. మీ నాయనకు దీని గురించి ఏం తెలుస్తాది, ఆయనతో నేను మాట్లాడతాలే. నువ్వు నవ్వుతా ఉండు, మిగతాది నేను చూసుకుంటా.

ఇప్పుడు చూడు నేను చేసిన పని. మీ వార్డెన్ మేడం చెప్పినట్లు వైద్యురాలిని పక్కన కూర్చోబెట్టినా. మరి దెబ్బ తిన్నోళ్ల గతేంది? సంచి తెరిచి చూసినా. నువ్వు ఎప్పటి నుంచో ఏరుకోని దాచి పెట్టుకున్న రొట్టెలు, పండ్లు కుప్పలుగా ఉండాయి. ఒక్కటీ ఎవరికీ పెట్టినట్లు లేదు. ఏంటికి దాచినావు పాపా? కడుపుకు పెడితే మంత్రంతో పని లేదు గదా అని కత్తివీరునికి ఒక రొట్టె తినిపించినా. వానికి బలమొచ్చింది, దొరసానికి రాలేదు. తిండి మంత్రం కాదంట, ఆమెకు దాంట్లో వాటా లేదు.

ఇంగ చూడు, ఒకడు తింటాంటే ఒకడు కాచుకోవడం, దొంగ దుమకడం. పెళ్లి భోజనాల్లో వడ్డించినట్లు వడ్డించినా. రెండో ముసుగు కూడా వచ్చేసింది.

మూడోది మాత్రం రావడం లేదు. దొంగ లాగితే జారిపోతాంది. ఈలోపల ఆమెను కొంచెమన్నా తగ్గిద్దామని కత్తివీరుని చేత కొట్టిస్తా, ఆ దెబ్బ రెండింతలై వానికే తగులుతాది, వాడు పడతాడు, వాని ఎనక అందరూ పడతారు. నా చేయి ఊరుకోదు. ఏదన్నా ఉపాయం తోస్తే చెప్పు.

మీ చిన్నమ్మ

*

కడప,
17 ఆగస్టు 2025

చిన్నమ్మా,

నీ జాబు చదివి నాకు ఊపిరొచ్చింది. ఎవరూ తప్పు పట్టరని నువ్వొక్కదానివే అన్నావు. అందరూ కష్టపడు, కష్టపడు అనేవాళ్లే.

వెంటనే ఆనందం మేడం దగ్గరికి పోయి కాలేజీ మానేస్తాండానని, టీసీ ఇమ్మని కాగితం రాసిచ్చినా. మా చిన్నమ్మ ఒప్పుకుందని చెప్పినా. మేడం కాగితం తీసుకోని డ్రాయర్లో పెట్టుకున్నారు. దసరాకు పెట్టెతో సహా వచ్చేస్తా. నాయనతో నువ్వు మాట్లాడతానన్నావు గదా, నేను రాకముందే మాట్లాడు.

రొట్టెల సంగతి చదివి సిగ్గేసింది. రాజు దగ్గర పనికొస్తాయని దాచినా, రాజు దగ్గర కూడా వాడలేదు.

మూడో ముసుగును నేను వచ్చినాక ఇద్దరం కలిసి తీద్దాం. ఇంగ నాకు పొద్దంతా తీరికే.

జెస్సీ

*

బేతంచెర్ల,
20 ఆగస్టు 2025

జెస్సీ,

నీ జాబు ఈ పొద్దన వచ్చింది. నేను వదిలేయమన్నది దొరసానిని. నువ్వు కాలేజీ అన్నావని నాకు తెలియనే తెలియదు. పై మాట ఆమె గురించి, కింది మాట కూడా ఆమె గురించే అనుకున్నా. నా తల నిండా ఆమే ఉండాది, నీ సెక్షన్ మార్చినారన్న మాట చదివి కూడా దాటిపోయినా.

మీ వార్డెన్ మేడంకు ఫోన్ చేయించుకోని మాట్లాడినా. "మీ పాప కాగితం నా దగ్గరే ఉంది, పైకి పంపలేదు. దసరా దాకా పంపను," అన్నారామె. ఆ తర్వాత మూడో ముసుగు వచ్చిందా అని కూడా అడిగినారు.

నిన్ను ఉండమని చెప్పను. రమ్మని కూడా చెప్పను. ఆడ పడేది నువ్వు, దాని బరువు నీకే తెలుస్తాది. కానీ నా మాట మీద మాత్రం రావాకు. ఆ మాట నేను నీకు చెప్పింది కాదు.

నువ్వు దాచకుండా రాసినావు, నేను దాచింది చెప్తా. నా ఎముక వంకరగా అతుక్కుంది. డాక్టరు మళ్లీ సరిచేసి ప్లేటు వేయాలన్నాడు. వేయించుకోకున్నా కట్టె పట్టుకోని నడుస్తావు, నీ ఇష్టం అన్నాడు. కట్టె పట్టుకోని నడుస్తా గానీ ఆటో బ్రేకు తొక్కలేను. నాకు ఆ ఆపరేషన్ అంటే శానా భయం. వద్దన్నా. మీ చిన్నాన్నను ఆ మాటే ఎత్తనీయలేదు. పొద్దన లేస్తానే లాప్‌టాప్ ముందరేసుకోని కూర్చున్నది అందుకే.

నీ జాబు చదివి, ఇంతసేపు కూర్చోని, మీ చిన్నాన్నను పిలిచి డాక్టరుకు ఫోన్ చేయమన్నా. దసరా వారంలో చేస్తామన్నారు. ఏంటికి ఒప్పుకున్నావని అడగాకు, నాకూ సరిగా తెలియదు.

కాబట్టి నువ్వొచ్చేసరికి నేను ఈడ ఉండను. మూడో ముసుగు జోలికి ఇంగ నేను పోను. రెండు ముసుగులు తీసే పద్ధతి కాగితం మీద రాసి లాప్‌టాప్ కింద పెడతా. ఆపైన నీ ఇష్టం.

మహిమ చిన్నమ్మ

*

బేతంచెర్ల,
3 అక్టోబరు 2025

చిన్నమ్మా,

ఆపరేషన్ బాగా జరిగిందని చిన్నాన్న ఫోన్లో చెప్పినాడు. నువ్వు మత్తులో నన్ను పిలిచినావంట. రేపు ఆయన నీకు బట్టలు తెచ్చేటప్పుడు ఈ జాబు పంపిస్తాండా. ఫోన్లో చెప్పొచ్చు గానీ ఇది జాబులోనే చెప్పాల.

ఈ రోజు పొద్దన ఇల్లు ఊడ్చి, నీ మంచం మీదనే కూర్చోని కొండెక్కినా. దొంగను ముందు పెట్టినా. నువ్వు రాసినట్లే అందరికీ కడుపు నిండా పెట్టినా. మొదటి ముసుగు వచ్చింది. రెండోది వచ్చింది. మూడో దానికి దొంగ చేయి జారింది. మళ్లీ జారింది. కత్తివీరుని వంతు వచ్చినప్పుడు నా వేలు "కొట్టు" మీదనే ఉండాది. ఇన్నాళ్లూ నేను చేసింది అదే, నువ్వు చేసింది కూడా అదే. ఆమె మనల్ని కొట్టి చంపడం లేదు చిన్నమ్మా, మన దెబ్బతోనే మనల్ని చంపుతాంది.

వేలు తీసేసినా. కత్తివీరునికి "కాచుకో" అని చెప్పినా. మంత్రగానికి కాచుకో. వైద్యురాలికి కాచుకో. ఎవరూ ఆమె మీద చేయి ఎత్తలేదు. దొంగ ఒక్కడే, వాని వంతు వచ్చినప్పుడల్లా ముసుగు పట్టుకోని లాగడం. ఆమె కొడతాంది, మనం తింటాండాం, వాడు లాగుతాండాడు. వైద్యురాలి మంత్రబలం అయిపోయింది, రొట్టెలు కూడా అయిపోవచ్చినాయి. నాకు ఏడుపు, నవ్వు రెండూ వస్తాండాయి. ఇంగ ఆఖరు పండు వైద్యురాలికి పెట్టినాక ముసుగు వచ్చింది.

కొట్లాట అట్లనే ఆగిపోయింది. చావలేదు ఆమె. ముసుగులన్నీ పోతే తెల్ల జుట్టు ముసలామె. కూర్చున్న చోట నుంచి లేచి మనోళ్లను చూసి ఒక మాట అడిగింది.

"రావాల్సిన పని లేదు గదా. ఏంటికొచ్చినారు?"

కింద రెండు జవాబులు వచ్చినాయి. ఒకటి "నిధి కోసం." రెండోది "నువ్వు ఈడ ఉండావని తెలిసి." దేన్ని నొక్కాల్నో తెలియక శానాసేపు చూసినా. రెండోది నొక్కినా. ఆమె ఏమీ ఇయ్యలేదు. పక్కకు జరిగి నలుగురికీ కూర్చునే చోటు చూపించింది. అందరూ కూర్చున్నారు. అంతే చిన్నమ్మా.

నాయన నిన్న తుమ్మలపల్లె నుంచి వచ్చినాడు. నీ కోసం చూడకుండా నేనే చెప్పినా, ఫిజిక్స్ రావడం లేదని, టీసీకి రాసిచ్చినానని. తిడతాడనుకున్నా. తనకు కూడా ఇంటర్‌లో ఫిజిక్సే పోయిందన్నాడు. నాకు ఎప్పుడూ చెప్పలేదు. టీసీ తీసుకో, తీసుకోకపో, తుమ్మలపల్లెలో మన ఇంటికి మాత్రం ఎప్పుడైనా రావొచ్చన్నాడు.

సోమవారం కడప బస్సు ఎక్కుతాండా. ఈ ఏడాది పరీక్షలు రాసి చూస్తా. పాసవుతానో లేదో తెలియదు. మేడం దగ్గర ఆ కాగితం వెనక్కి తీసుకుంటా. ఎవరూ పొమ్మనలేదు, పోవాలనిపించింది.

లేచి నిలబడినాక నాకు రాయి.

జెస్సీ

*

కర్నూలు ఆసుపత్రి,
12 అక్టోబరు 2025

జెస్సీ పాపా,

నీ జాబు దిండు కింద పెట్టుకోని మళ్లీ మళ్లీ చదివినా. అచ్చం రాగి సంగటి ముద్ద మాదిరి కడుపులో నిలిచింది. నా చేయి ఊరుకోలేదు, నువ్వు నీ చేతిని ఊరుకోబెట్టినావు. ఆ ముసలామె మాటను ఈడ పక్క మంచం ఫిరోజాకు చదివి వినిపించినా. ఆమెకు ఆట గురించి ఏమీ తెలియదు, అయినా కళ్లు తుడుచుకునింది. మీ పాప ఆ రెండో జవాబే నొక్కిందా, ఖాయమా అని నన్ను రెండుసార్లు అడిగింది.

కాగితం వెనక్కి తీసుకున్నావని ఆనందం మేడం మీ చిన్నాన్నకు ఫోన్ చేసి చెప్పినారంట. ఫిజిక్స్ సారుతో సాయంత్రాలు కూర్చోబెడతామని కూడా అన్నారంట. కూర్చో. అర్థం కాకపోతే అర్థం కాలేదని గట్టిగా చెప్పు, తల ఊపాకు.

ఈ పొద్దన నన్ను నిలబెట్టినారు. ఇద్దరు పట్టుకున్నారు, నొప్పికి కళ్లు తిరిగినాయి, కూర్చోబెట్టమని అరిచినా. మధ్యాహ్నం మళ్లీ వచ్చినారు. ఈసారి నేనే లేస్తానన్నా. నడిచే ఫ్రేము పట్టుకోని, కాలు ఈడ్చుకుంటా, కిటికీ దాకా పోయినా. కమ్మీ పట్టుకోని నిలబడితే బయట గాలి ముఖానికి తగిలింది.

కింద సందులో ఒక ఆటో ఇరుక్కోనుండాది. ముందర అంబులెన్సు, ఎనక తోపుడుబండి. నడిపే పిల్లోడు రివర్సు తీసుకోలేక చెమటలు కక్కుతాండాడు, అందరూ హారన్లు కొడతాండారు. చూసి చూసి ఉండబట్టలేక పైనుంచి కేకేసినా, హ్యాండిలు ఎడమకు తిప్పప్పా, పూర్తిగా తిప్పు, బ్రేకు మీద కాలు ఉంచుకోని మెల్లగా వదులు అని. నర్సు వచ్చి కోప్పడింది. ఆ పిల్లోడు తలెత్తి నన్ను చూసినాడు. నేను చెప్పినట్లే తిప్పినాడు. ఆటో బయటపడింది.

మీ చిన్నమ్మ, నిలబడి రాసింది